తండ్రికే లేని హక్కు పెద్దమనుషులకు ఎక్కడిది?

(మన వాడల ఆడబిడ్డల హక్కులు – 7)

పోయిన భాగంలో మనోవర్తి గురించి రాసిన. ఈ భాగం సామాను గురించి.

సామాను అనంగనే చిన్న ముచ్చట అనుకోకండి. మొగడు వదిలేసిన తర్వాతనో, మొగన్ని వదిలేసిన తర్వాతనో అత్తగారింట్లో ఉండిపోయిన బీరువా, మంచం, బిందెలు, కుట్టుమిషన్, రెండు తులాల గొలుసు, కాళ్ళ పట్టగొలుసులు, పదో తరగతి మెమో. సినిమావాళ్ళ విడాకుల మీద టీవీలో గంటల కొద్దీ చర్చ పెడ్తరు. మాదిగవాడలో కుట్టుమిషన్ మీద ఎవరు పెడ్తరు? కానీ ఆ కుట్టుమిషన్ చేతికొస్తే ఆ పిల్ల రేపు పొద్దున జాకెట్లు కుట్టుకొని బతుకుతది. రాకుంటే తల్లిగారింట్లో వదినె మొఖం చూసుకుంట బతుకుతది. ఆ మెమో ఉంటే ఏదన్న నౌకరికి దరఖాస్తు పెట్టుకుంటది. లేకుంటే మిరప చేను కూలికి పోతది. ఒక ఆడమనిషి తిరిగి లేస్తదా, లేవదా అన్నది మన ఇండ్లల్లో ఈ సామాను దగ్గరనే తేలుతది.

మాది జనగామ జిల్లా చిల్పూరు మండలం. 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి విడదీసి మమ్మల్ని మండలం చేసిండ్రు. గుట్ట మీద బుగులు వెంకటేశ్వరస్వామి గుడి, గుట్ట చుట్టూ మా ఊర్లు. అసెంబ్లీ సీటు స్టేషన్ ఘన్‌పూర్, అది ఎస్సీ రిజర్వుడు. ఎమ్మెల్యే కుర్చీ మనకు రిజర్వ్ అయి ఉన్నది. మన ఆడబిడ్డకు తల్లిగారు కొనిచ్చిన బీరువా తాళంచెవి మాత్రం ఆమె చేతిలో లేదు.

ఈ చుట్టుపక్కల ఎన్నో పంచాయితీల్లో కూసున్న. అన్నీ ఒకే తీరుగ నడుస్తయి. రెండు దిక్కుల పెద్దమనుషులు వస్తరు. ఇద్దరి దగ్గర డిపాజిట్ కట్టించుకుంటరు. పొద్దంతా అరుసుకుంటరు. పొద్దుగూకే యాళ్ళకు ఒక మాట మీదికి వస్తరు: "పిల్ల కేసు వాపస్ తీసుకుంటే సామాను పంపిస్తరు." లేకుంటే, "సామాను ముచ్చట ఇడిసిపెడితే విడాకుల కాగితం మీద సంతకం పెడ్తడు." ఇకమీదట ఇరువురికి ఏ లావాదేవీలు లేవని ఒకాయన స్టాంపు పేపర్ మీద రాస్తడు. పిల్ల తండ్రి సంతకం పెడ్తడు. అన్న పెడ్తడు. పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెడ్తరు. మరి పిల్ల ఎక్కడున్నది? అవతల చెట్టు కింద ఆడోళ్ళ నడుమ చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకొని కూసున్నది. నీకేం కావాలె అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆఖరికి పిలిచి, "ఈడ వేలుముద్ర పెట్టు బిడ్డా" అంటరు.

దీన్ని రాజీ అంటున్నరు. నేను దోపిడీ అంటున్న. ఎందుకో చట్టం పట్టుకొనే చెప్తా.

2024 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మన తెలంగాణ నుంచి పోయిన కేసు. అది మన వాడల కేసు కాదు, ఉన్నోళ్ళ కేసు. 1999లో ఒకాయన బిడ్డ పెండ్లి చేసిండు. ఆమె అమెరికాలో కాపురం చేసింది. 2016లో అక్కడి కోర్టులో విడాకులయినయి. ఆస్తుల పంపకం కూడా అక్కడనే అయిపోయింది. 2018లో ఆమె మళ్ళీ పెండ్లి చేసుకున్నది. 2021లో తండ్రి ఇక్కడ పోలీసు కేసు పెట్టిండు, పెండ్లప్పుడు నేను పెట్టిన బంగారం పాత వియ్యంకులు నాకు వాపస్ ఇయ్యలేదని. హైకోర్టు ఆ కేసును కొట్టెయ్యనన్నది. సుప్రీంకోర్టులో జస్టిస్ జె.కె. మహేశ్వరి, జస్టిస్ సంజయ్ కరోల్ కొట్టేసిండ్రు.

ఆలస్యం, సాక్ష్యం లేకపోవుడు, ఇట్ల కారణాలు చాలా చెప్పిండ్రు. అసలు కారణం ఒక్కటి: స్త్రీధనం ఆమె సొత్తు, ఆమె ఒక్కదాని సొత్తు. ఆమె బతికి ఉన్నది, తన నిర్ణయం తాను తీసుకోగలుగుతది. తన తరఫున అడుగమని తండ్రికి అధికారం రాసియ్యలేదు. అసొంటప్పుడు ఆ బంగారం పైసలు పెట్టి కొన్న తండ్రికి సుత దాన్ని అడిగే హక్కు లేదు.

ఈ తీర్పు వచ్చినప్పుడు మావాళ్ళు కొందరు, "చూసినవా, ఆడపిల్ల తండ్రికి అన్యాయం జరిగింది" అన్నరు. నేను దీన్ని తిరగేసి చదువుతున్న. కొనిచ్చిన తండ్రికే ఆమె మాట లేకుండ అడిగే హక్కు లేదంటే, ఆమె మాట లేకుండ వదిలేసే హక్కు ఆ తండ్రికి ఉంటదా? అన్నకు ఉంటదా? పైస పెట్టని, మోయని, చెట్టు కింద చాయ తాగిన పెద్దమనిషికి ఉంటదా? అడిగే హక్కు ఆమెదే అయితే వదిలే హక్కు కూడా ఆమెదే. తండ్రి, అన్న, కులపెద్ద కలిసి ఎన్ని స్టాంపు పేపర్ల మీద సంతకం పెట్టినా ఆమె సామాను ఆమెదే.

ఆమెతోని కూడా వేలుముద్ర పెట్టించినం గదా అంటరు. బెదిరించి, ఒత్తిడి పెట్టి తీసుకున్న ఒప్పుకోలును రద్దు చేయించుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్తది. "సంతకం పెట్టకుంటే పిల్లగాన్ని గుంజుకుంటం" అని పెట్టించిన వేలుముద్ర ఏం ఒప్పుకోలు? ఇంకొందరు కులాచారం అంటరు. కులాచారం ప్రకారం విడాకులు తీసుకునే పద్ధతిని 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఉంచింది, నిజమే. ఆ ఆచారం ఉన్నదని కోర్టులో రుజువు చెయ్యాలె, అది వేరే ముచ్చట. విడిపోయే ఆచారం ఉన్నదే అనుకుందాం. విడిపోయినదాని సామాను జప్తు చేసే ఆచారాన్ని ఏ చట్టం ఒప్పుకున్నదో చూపెట్టుండ్రి.

ఈ ముచ్చట కొత్తది కూడా కాదు. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. అంతకు ముందు కొన్ని హైకోర్టులు, పెండ్లయి అత్తగారింట్లో అడుగు పెట్టంగనే ఆమె సొమ్ము ఉమ్మడి సొమ్ము అయితదన్నట్టు చెప్పినయి. సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. మొగడు, అత్తమామలు ఆ సొమ్ముకు కాపలాదారులు మాత్రమే, అడిగినప్పుడు ఇయ్యకుంటే నమ్మకద్రోహం నేరం అన్నది. 1997లో రష్మీ కుమార్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి అదే మాట ఖాయం చేసింది. అంటే నలభై ఏండ్ల కిందనే తేలిన లెక్క ఇది. మన పంచాయితీ చెట్టు కిందికి ఇంకా రాలేదు.

ఎందుకు రాలేదు? మనువు ముందే వచ్చి కూసున్నడు గనుక. భార్యకు, కొడుకుకు, బానిసకు సొంత ఆస్తి ఉండదని, వాళ్ళు సంపాదించింది వాళ్ళ యజమానిదని ఆ పుస్తకం రాసింది. అదే పుస్తకం స్త్రీధనం ఆరు రకాలని కూడా లెక్క చెప్తది. ఒక చేత్తో లెక్క చెప్పి, ఇంకో చేత్తో గుంజుకునుడు. శూద్రుడు ధనం కూడబెట్టొద్దని కూడా అందులోనే ఉన్నది. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగులబెట్టిండ్రు. ప్రతి ఏడు ఆ దినం మనం మీటింగ్ పెట్టుకుంటం, దండలు వేస్తం, స్పీచులు ఇస్తం. తెల్లారి పంచాయితీల కూసొని "ఆడిదానికి సొమ్మేంది" అంటం. అన్నలారా, కాలింది కాగితమేనా?

బాబాసాహెబ్ ఈ సామాను ముచ్చట గురించి చెప్పిండని మనోళ్ళకు చాలామందికి తెల్వదు. 1948 ఏప్రిల్‌లో హిందూ కోడ్ బిల్లు మీద మాట్లాడుకుంట వరకట్నం దగ్గర ఆగిండు. పెండ్లప్పుడు పిల్లకు ఇచ్చే సొమ్ము ఆమె కోసం ట్రస్టులో ఉన్నట్టు లెక్క, ఆమెకు 18 ఏండ్లు నిండినాక అడిగి తీసుకోవచ్చు, మొగనికి గాని మొగని చుట్టాలకు గాని దాని మీద హక్కు ఉండొద్దు. ఇది ఆయన బిల్లులో పెట్టిన ఏర్పాటు. ఆ బిల్లును పార్లమెంటు సాగదీసింది. 1951 సెప్టెంబర్‌లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేసిండు. పదేండ్ల తర్వాత 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. దాని 6వ సెక్షన్ చదువుండ్రి: కట్నం ఎవరి చేతికి పోయినా మూడు నెలల్లోపు ఆ ఆడమనిషికి అప్పజెప్పాలె, అప్పజెప్పే దాకా ఆమె పేరున ట్రస్టులో ఉన్నట్టే. అదే ఆలోచన. జై భీమ్ అన్న నోటితోని ఆడబిడ్డ సొమ్ము మీద బేరం చేసేటోడు బాబాసాహెబ్ దేనికోసం కుర్చీ వదిలిండో తెల్వనోడు.

ఇగ ఎట్ల తెచ్చుకోవాలె? చెప్తా, రాసుకోండి.

మొదలు లిస్టు రాయండి. ఏ వస్తువు, ఎవరు పెట్టిండ్రు, ఎప్పుడు, అందాజ ధర ఎంత, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నది. తల్లిగారు పెట్టినవే కాదు, అత్తగారు పెట్టినవి, చుట్టాలు సదివించినవి, మీ కూలి పైసలతో కొన్నవి, సంఘం లోన్‌తోని కొన్న కుట్టుమిషన్, బర్రె. అన్నీ రాయండి. పెండ్లి ఫొటోలు, వీడియో, బంగారం దుకాణం రసీదు, సంఘం పాసుబుక్కులో లోన్ ఎంట్రీ, వస్తువులు దింపిన ఆటో డ్రైవర్, ఇవన్నీ సాక్ష్యమే. నిజానికి పెండ్లినాడే ఈ లిస్టు రాసి పిల్ల, పిలగాడు ఇద్దరూ సంతకాలు పెట్టాలని 1985 నుంచి రూల్స్ ఉన్నయి. మన దగ్గర పెండ్లిలో ఎవరెంత సదివించిండ్రో మైకులో చెప్పి నోటుబుక్కులో రాస్తరు గదా? అదే బుక్కు చివరి పేజీలో ఈ లిస్టు రాసి ఇద్దరితోని సంతకం పెట్టించుడు ఎంత సేపు?

రసీదు లేదు, ఎవరు నమ్ముతరు అని భయపడకండి. 2024 ఏప్రిల్‌లోనే కేరళ కేసు ఒకటి సుప్రీంకోర్టులో తేలింది. పెండ్లినాడు తల్లిగారు పెట్టిన 89 సవర్ల బంగారాన్ని మొదటి రాత్రే మొగడు తీసుకొని తల్లికి దాయమని ఇచ్చిండని ఆమె చెప్పింది. హైకోర్టు రుజువు సరిపోదన్నది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇసొంటి సివిల్ తగాదాలో ఖూనీ కేసుకు అడిగినంత రుజువు అడగొద్దు, ఏది నమ్మేటట్టున్నదో అది చూడాలె అన్నది. మొగడు ఆమెకు 25 లక్షలు కట్టాలని చెప్పింది. కష్టకాలంలో మొగడు ఆ సొమ్ము వాడుకోవచ్చు గాని, తిరిగి ఇచ్చుడు అతని బాధ్యత అని కూడా చెప్పింది. "కష్టమొచ్చి కుదవపెట్టిన" అన్న మాటకు ఇదే జవాబు.

రెండోది, రాతపూర్వకంగా అడగండి. లిస్టు జతచేసి, ఇన్ని దినాల్లోపు ఇయ్యండని చిట్ఠీ రాసి, రసీదు దొరికేటట్టు పోస్టులో పంపండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి. అడిగిన తారీఖు, వాళ్ళు కాదన్న తారీఖు తర్వాత పనికొస్తయి.

మూడోది, అన్నిటికన్న దగ్గరి తొవ్వ: 2005 గృహహింస చట్టం. ఈ చట్టం పేరు వింటే కొడితేనే కేసు అనుకుంటరు. కాదు. ఆమె స్త్రీధనాన్ని ఆమెకు దక్కకుండ చేసుడు కూడా ఆర్థిక హింస అని 3వ సెక్షన్‌లో రాసి ఉన్నది. 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టాలె. 19వ సెక్షన్‌లోని 8వ క్లాజు కింద స్త్రీధనం, ఇంకా ఆమెకు చెందిన ఏ ఆస్తి అయినా, విలువైన పత్రమైనా వాపస్ ఇయ్యమని మేజిస్ట్రేట్ హుకుం చేయొచ్చు. మీ మెమో, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్కు కూడా దరఖాస్తులో రాయండి. వాళ్ళు బంగారం అమ్ముతరని, కుదవపెడ్తరని అనుమానం ఉంటే 18వ సెక్షన్ కింద ఆపమని అడగండి. అర్జెంటు ఉంటే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి. ఆమెకు తోడు పొమ్మని పోలీసు స్టేషన్‌కు ఆర్డర్ ఇచ్చే అధికారం కూడా మేజిస్ట్రేట్‌కు ఉన్నది.

చిల్పూరు పిల్లను భూపాలపల్లికో మహబూబాబాద్‌కో ఇచ్చిండ్రు అనుకోండి. కేసు కోసం అక్కడిదాక పోవాల్సిన పని లేదు. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉంటున్నదో అక్కడి కోర్టుకే 27వ సెక్షన్ అధికారం ఇచ్చింది. తాత్కాలికంగ ఉన్నా సరే. బంగారం అత్త చేతిలో, ఆడబిడ్డ మెడలో ఉన్నదా? వాళ్ళ మీద కూడా దరఖాస్తు పెట్టొచ్చు. ఈ చట్టం కింద మొగోళ్ళ మీదనే ఫిర్యాదు పెట్టాలన్న అడ్డాన్ని 2016లో సుప్రీంకోర్టు తీసేసింది. విడిపోయి ఏండ్లయిందా? స్త్రీధనం తన దగ్గర పెట్టుకొని ఇయ్యకపోవుడు కొనసాగే నేరం అని 2015లో త్రిపుర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వేరుపడమని కోర్టు తీర్పు వచ్చిన తర్వాత అడిగిన ఆమెకు కూడా ఈ చట్టం వర్తిస్తదన్నది. అట్లని ఊకె కూసోకండి, లేటయిన కొద్దీ సాక్ష్యం పోతది.

మన వాడల్లో చర్చిలో పెండ్లయినోళ్ళు మస్తు మంది ఉన్నరు. ఈ చట్టానికి మతం లేదు. హిందువు, క్రైస్తవురాలు, ముస్లిం, బౌద్ధురాలు, ఎవరైనా పోవచ్చు. పెండ్లి రిజిస్టర్ కాలేదా? తాళి లేకుండ ఆలుమొగల లెక్క ఒకే ఇంట్లో బతికిండ్రా? పెండ్లి లాంటి సంబంధం అని రుజువు చేసుకుంటే వాళ్ళకు కూడా ఈ చట్టం ఉన్నది. ఒకే ఇంట్లో బతకలేదు, ఊకె ప్రేమలో ఇచ్చిన వస్తువులు, అప్పజెప్పిన ల్యాప్‌టాప్, బండి ఉన్నయా? అప్పుడు సివిల్ కోర్టు. తన వస్తువు తనకు ఇప్పియ్యమని 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద దావా వేయొచ్చు. దానికి మామూలుగా మూడేండ్ల గడువు ఉంటది, మరువకండి.

నాలుగోది పోలీసు తొవ్వ. నమ్మి అప్పజెప్పిన సొమ్మును ఇయ్యకుండ కాజేస్తే నమ్మకద్రోహం. పాత ఐపీసీలో 406, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 316. దానికి తోడు వరకట్న చట్టం 6వ సెక్షన్: ఆరు నెలల నుంచి రెండేండ్ల దాకా జైలు, లేదా 5 వేల నుంచి 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. "కట్నం ఇచ్చుడు కూడా నేరమే, నీ మీదనే కేసయితది" అని బెదిరిస్తరు. బాధితురాలు ఇచ్చిన వాంగ్మూలం పట్టుకొని ఆమె మీద ఈ చట్టం కింద కేసు పెట్టొద్దని 7వ సెక్షన్‌లోనే ఉన్నది.

ఒక పోలీసు స్టేషన్‌కు ఒక చెల్లెను తీసుకొని పోయిన. ఊరి పేరు, స్టేషన్ పేరు రాయను. ఫిర్యాదు చదివిండు ఆ సారు. "గిన్నెలకు, మంచానికి ఎఫ్‌ఐఆర్ ఏందమ్మా, ఇది సివిల్ మేటర్, పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి" అన్నడు. దొర ఇంట్లో వెండి చెంబు పోతే దొంగతనం. మాదిగ పిల్ల బిందెలు పోతే సివిల్ మేటర్. ఇసొంటి జవాబు వస్తే ఆగకండి. స్టేషన్‌లో తీసుకోకుంటే ఫిర్యాదును పోస్టులో పై పోలీసు అధికారికి పంపండి. అక్కడా కాకుంటే మేజిస్ట్రేట్ దగ్గరికి పోండి. రెండింటికీ నాగరిక సురక్షా సంహితలో తొవ్వ ఉన్నది, 173, 175 సెక్షన్లు.

ఐదోది విడాకుల కేసు. కోర్టులో విడాకులు నడుస్తుంటే సామాను ముచ్చట అందులోనే పెట్టండి. పెండ్లప్పుడు ఇద్దరికీ కలిపి వచ్చిన వస్తువుల గురించి డిక్రీలోనే తేల్చే అధికారం హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ ఇచ్చింది. ఇద్దరూ ఒప్పుకొని తీసుకునే విడాకులయితే, లిస్టును పిటిషన్‌కు జతచేసి, సామాను చేతికొచ్చిన తర్వాతనే ఆఖరి సంతకం పెట్టండి. "మొదలు సంతకం పెట్టు, తెల్లారి ట్రాక్టర్‌లో పంపిస్తం" అన్న మాట నమ్మొద్దు. ఆ ట్రాక్టర్ ఎన్నడూ రాదు.

వకీలుకు పైసలు? ఆడోళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆమ్దానీ చూడకుండ ఉచిత వకీలును ఇయ్యాలని 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ చెప్తది. మీరు రెండు తీర్ల హక్కుదారులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి, 15100కు ఫోన్ చేయండి. గృహహింస దరఖాస్తు రాసేందుకు రక్షణ అధికారి ఉంటరు, సఖి కేంద్రం ఉంటది, 181 ఉన్నది. ఈ సాయానికి ఎవరికీ పైస ఇయ్యాల్సిన పని లేదు.

ఇంకో లెక్క కూడా అడగాలె. కళ్యాణలక్ష్మి. 2014లో ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లల కోసం 51 వేలతో మొదలుపెట్టిండ్రు, 2018 నుంచి 1,00,116 రూపాయలు. చెక్కు పిల్ల తల్లి పేరు మీద వస్తది. ఆ పైసలు ఎక్కడికి పోయినయో ప్రతి వాడలో తెలుసు. చెక్కు రాకముందే "అది వస్తే మాకే ఇయ్యాలె" అని ఒప్పందం అయిపోతది. ఆ పైసలతో పిలగాని బండి వస్తది. సర్కారు ఆడపిల్ల పేరు చెప్పి ఇచ్చిన సొమ్ము అది. కట్నం కింద పోయినా సరే, 6వ సెక్షన్ ప్రకారం ఆమెకు చెందాల్సిందే. లిస్టు రాసేటప్పుడు అది కూడా రాయండి.

కులాంతర పెండ్లి చేసుకున్న మన పిల్లల కథ ఇంకో తీరు. పెద్ద కులమోళ్ళ ఇంటికి కోడలుగా పోయిన పిల్లను వెళ్ళగొట్టినాక ఆమె తిన్న కంచం, తాగిన చెంబు గేటు బయట పారేసిన ఇండ్లు చూసిన. ఆమె బంగారం మాత్రం బీరువాలోనే ఉన్నది. గిన్నెకు అంటు ఉంటది, బంగారానికి ఉండదు! సామాను కోసం పోయినప్పుడు నలుగురి ముందు కులం పేరు పెట్టి తిడితే, అది ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం 3వ సెక్షన్ కింద వేరే నేరం. ఒక్కదానివి పోకు. సాక్షులను తీసుకొని పో.

ఇప్పుడు నాకు వచ్చే తిట్ల గురించి.

"అక్కా, పోలీసులు, కోర్టులు మనయా? మనోళ్ళను లాకప్పుల్లో కొట్టేటోళ్ళ దగ్గరికి మన పిల్లల్ని పంపుతవా? వాడ ముచ్చట వాడలనే తేల్చుకుందాం" అంటరు. ఈ మాటలో సగం నిజం ఉన్నది. కోర్టు దూరం. వాయిదాకు పోతే ఒక దినం కూలి పోతది, బస్సు కిరాయి పోతది. గృహహింస దరఖాస్తు 60 దినాల్లో తేల్చేటందుకు కోర్టు ప్రయత్నం చెయ్యాలని చట్టంలో రాసుకున్నరు, వాయిదాల మీద వాయిదాలు పడ్తయి. అందుకే జనం పంచాయితీకి వస్తరు. దగ్గర, తొందరగ తేలుతదని. ఆ అవసరాన్ని నేను కాదంటలేను.

కానీ వాడలో తేల్చుకుందాం అంటే ఎవరు తేల్చాలె? భూమి పంచాయితీలో దొర పక్కన పట్వారీ కూసుంటే అన్యాయం అన్నం. మరి ఆలుమొగల పంచాయితీలో పది మంది మొగోళ్ళు కూసొని, ఒక్క ఆడమనిషి లేకుండ ఆమె సొమ్ము గురించి తేలిస్తే న్యాయమెట్ల అయితది? దొరలు మన చెమటను మనకు దక్కనియ్యలేదు. వెట్టి అంటే అదే గదా, నీ కష్టం నీది కాదనుడు. పదేండ్లు ఆ ఇంట్లో చాకిరీ చేసి, కూలి పైసలు తెచ్చి పోసి, ఆఖరికి కట్టుబట్టలతో వెళ్ళగొట్టబడ్డ మన ఆడమనిషిది వెట్టి కాదా?

"ఉద్యమం చీలుతది" అంటరు. సొమ్ము కాజేసినోని వల్ల చీలనిది, అడిగినదాని వల్ల చీలుతదా?

కుల సంఘాల నాయకులకు, అంబేడ్కర్ యువజన సంఘాల తమ్ముళ్ళకు నా డిమాండ్లు ఇవి. పంచాయితీ పెట్టండి, వద్దంటలేను. పెడితే ఆ పిల్ల ఎదురుంగ కుర్చీలో కూసోవాలె, సగం మంది ఆడోళ్ళు ఉండాలె. మొదటి దినమే సామాను లిస్టు చదవాలె, లిస్టులో ఉన్నది ఆమె చేతికి ఇప్పియ్యాలె. కాపురం ముచ్చట, పిల్లల ముచ్చట, కేసు ముచ్చట ఆ తర్వాతనే. సామానును దేనికీ బదులు పెట్టొద్దు. ఆమెది ఆమెకు ఇచ్చుడు బాకీ తీర్చుడు, ఆమె మీద దయ చూపుడు కాదు. ఆమె తరఫున ఎవరూ, తండ్రి అయినా సరే, "ఏం లావాదేవీలు లేవు" అని సంతకం పెట్టొద్దు. పెడితే ఆ కాగితం పట్టుకొని నేనే కోర్టుకు పోతా.

తండ్రులకు ఒక మాట. మీరు అప్పు చేసి, ఎడ్లను అమ్మి పెట్టిండ్రు, తెలుసు. పరువు పోతదని, బిడ్డకు మళ్ళీ సంబంధం చూడాలని తొందరపడి సంతకం పెడ్తరు, అది కూడా తెలుసు. కానీ ఇచ్చిన దినమే అది మీ చేతుల నుంచి పోయింది, అల్లుని చేతికి పోలేదు, మీ బిడ్డ చేతికి పోయింది. అడుగుదామా, వదులుదామా అని ఆమెనే అడగండి. ఆమె వదులుతా అంటే సరే, అది ఆమె ఇష్టం. అడుగుతా అంటే వెంట నడవండి.

చెల్లెండ్లారా, మీరు అడుగుతున్నది భిక్షం కాదు. లిస్టు రాయండి, తారీఖు వేయండి, కింద మీ సంతకం మీరే పెట్టండి. రాసుడు రానోళ్ళు ఈ పోస్టు చదివిన పిల్లలతోని రాయించుకోండి. చదువుకున్న తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఎవరన్న ఒక్కరి లిస్టు రాసిపెట్టినా ఈ భాగం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

వచ్చే భాగంలో: విడిపోయిన తర్వాత పిల్లలు ఎవరి దగ్గర ఉండాలె, చట్టం ఏం చెప్తది, మన పంచాయితీలు ఏం చేస్తున్నయి.

జై భీమ్.